టెంపరేచర్ సెన్సర్ పోయిందంటున్నారా? కొనే ముందు ఒక పూట పరీక్షించండి

కిందటేడు దాళ్వా కోతలు అయిపోయిన రోజుల్లో, నర్సాపురం రేవులో, బండ్లని గోదావరి దాటించే పంటు కోసం లైన్లో ఉన్నాం. ముందు బండి కదిలింది. నేను నా కారు తాళం తిప్పితే ఇంజిన్ అందుకోలేదు. నాలుగోసారికి గుర్రుమంటూ లేచి వెనకాల నల్లటి పొగ వదిలింది. పక్క ఆటోలోని పెద్దాయన "కిరసనాయిలు పోసేవేంటి బాబూ" అన్నాడు. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ అప్పటికి వారం నుంచీ వెలుగుతూ ఆరుతూ ఉంది. ఏసీ వెయ్యకపోయినా, ఇంజిన్ చల్లగా ఉన్నా, స్టార్ట్ చెయ్యగానే రేడియేటర్ ఫ్యాను గిర్రున తిరిగేది.

మర్నాడు షెడ్డులో కోడ్ (కారు కంప్యూటర్ దాచిపెట్టుకునే లోపం నంబరు) చదివిస్తే పి0118 అని వచ్చింది. "కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అండి, మార్చేస్తే సరి" అన్నారు. మార్చేశాను. మూడో రోజుకి లైటు మళ్ళీ వెలిగింది. తీరా చూస్తే పాత సెన్సర్ నిక్షేపంలా ఉంది, చెడింది దానికెళ్ళే వైరు. ఎలుక కాస్త కొరికింది, మిగతా పని మా సముద్రపు గాలి పూర్తి చేసింది. అందుకే ముందు సెన్సర్ మార్చాలో వద్దో తేల్చుకునే పద్ధతి చెబుతాను. మార్చడమంటారా, అది అరగంట పని.

అసలు ఈ సెన్సర్ చేసే పని

ఇంజిన్‌ని చల్లబరుస్తూ లోపల తిరిగే ద్రవం, కూలెంట్, ఎంత వేడిగా ఉందో కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, చెప్పడమే దీని పని. లోపల ఉండేది చిన్న థర్మిస్టర్ పూస. చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గిపోతుంది. ఈసీయూ తన లోపలి రెసిస్టర్ గుండా 5 వోల్టులు ఒక వైరులోకి పంపి, అందులో ఎంత వోల్టేజీ నిలబడిందో చూసి వేడిని లెక్క కడుతుంది. రెండో వైరు గ్రౌండు, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్ళే దారి. ఉన్నవి ఆ రెండు వైర్లే.

వైరు తెగితే 5 వోల్టులూ అలాగే నిలబడతాయి. ఈసీయూ దాన్ని మహా చలి కింద లెక్కేసి మైనస్ 40 డిగ్రీలు అనుకుంటుంది. రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలితే వోల్టేజీ సున్నాకి పడిపోతుంది, అప్పుడు 130కి పైన మరిగిపోతోంది అనుకుంటుంది. సగం తెగి సగం ఆనుకుని ఉంటే, ఉన్న వేడి కంటే తక్కువ చెబుతుంది. నా కారుకి జరిగింది అదే. ఇంజిన్ 85 డిగ్రీల దగ్గర కాగుతుంటే ఈసీయూ దాన్ని తెల్లవారుజాము చలి అనుకుని పెట్రోలు ఎక్కువ పోసింది. వేడి ఇంజిన్‌కి అంత పెట్రోలు పడితే ప్లగ్గులు తడిసి స్టార్ట్ అవ్వదు. అయ్యాక వచ్చే పొగ నల్లగానే ఉంటుంది. మైలేజీ సంగతి చెప్పక్కర్లేదు. ఇక ఆ ఫ్యాను, రీడింగు నమ్మకంగా లేనప్పుడు ఇంజిన్ కాలిపోకూడదని ఈసీయూ పడే జాగ్రత్త.

కోడ్‌లని కూడా ఈ వెలుగులోనే చదవాలి. పి0118 అంటే వోల్టేజీ ఎక్కువగా ఉంది, ఎక్కడో తెగింది. పి0117 అంటే వోల్టేజీ తక్కువ, ఎక్కడో షార్టు. పి0119 అంటే వస్తూ పోతూ ఉంది, ముందు వైర్లనీ కనెక్టరునీ అనుమానించండి. పి0116 అంటే రీడింగు వస్తోంది గానీ పొంతన కుదరడం లేదు. పి0128 పడితే సెన్సర్ జోలికి వెళ్ళకముందు థర్మోస్టాట్ (కూలెంట్ రేడియేటర్‌లోకి వెళ్ళే దారిని తెరిచి మూసే కవాటం) చూడండి, అది తెరుచుకుని ఉండిపోతే ఇంజిన్ వేడెక్కదు. వీటిలో ఏదీ "సెన్సర్ మార్చు" అని చెప్పదు. అవి చెప్పేది సర్క్యూట్ గురించి. సెన్సరు, కనెక్టరు, రెండు వైర్లు, ఈసీయూ, అన్నీ ఆ సర్క్యూట్‌లో భాగమే.

కావలసినవి

బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఒకటి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చితే ఫోన్‌లో కోడ్‌లూ లైవ్ రీడింగులూ కనిపిస్తాయి. ఐఫోన్ వాళ్ళు కొనేముందు తమ ఫోన్‌కి పనికొస్తుందో లేదో అడిగి తీసుకోండి, చవక డాంగిల్స్ చాలావరకు ఆండ్రాయిడ్‌కే పనిచేస్తాయి. తర్వాత ఒక డిజిటల్ మల్టీమీటరు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, సన్న వైరు ముక్క, సెన్సర్‌కి సరిపడే లోతైన సాకెట్ పానా (చాలా కార్లకి 19 మిల్లీమీటర్లు), చేతికి గ్లౌజులు, కింద పెట్టడానికి పాత టబ్బు. వైరు అతకాల్సొస్తే సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ గొట్టం.

కోడ్ చూడగానే చెరిపెయ్యకండి. ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కోడ్‌తో పాటు అది పడిన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి ఎంతున్నాయో కూడా ఈసీయూ దాచి ఉంచుతుంది, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. చెరిపితే అదీ పోతుంది.

పరీక్ష 1: పొద్దున్నే, స్టార్ట్ చెయ్యకముందు

రాత్రంతా నిలబెట్టిన కారుకి తాళం ఆన్ చెయ్యండి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి. యాప్‌లో కూలెంట్ టెంపరేచర్, లోపలికి వెళ్ళే గాలి టెంపరేచర్ పక్కపక్కన పెట్టుకోండి. రాత్రంతా చల్లారిన ఇంజిన్, బయటి గాలి దాదాపు ఒకే వేడిలో ఉండాలి, తేడా నాలుగైదు డిగ్రీలు దాటకూడదు. గాలి 28 అని, కూలెంట్ 7 అని చూపిస్తే పేచీ ఉన్నట్టే. కోనసీమలో కూలెంట్ 7 డిగ్రీలకి దిగే తెల్లవారుజాము నేనైతే చూడలేదు.

ఇప్పుడు స్టార్ట్ చేసి అలా చూస్తూ ఉండండి. 30 నుంచి 40, 50, 60 మెల్లగా ఎక్కుతూ పోయి 80, 95 మధ్య ఎక్కడో నిలదొక్కుకోవాలి. 60 దగ్గరే ఎంతకీ కదలకపోతే థర్మోస్టాట్ మీద అనుమానం. 45 నుంచి మైనస్ 40కి, అక్కడి నుంచి మళ్ళీ 50కి గంతులేస్తే వైరు ఎక్కడో వదులు. ఇంజిన్ నడుస్తుండగానే సెన్సర్ వైర్ల కట్టని మెల్లగా అటూ ఇటూ కదపండి (ఫ్యానుకీ బెల్టుకీ చెయ్యి దూరంగా ఉండాలి, చీర కొంగు, పొడుగు చేతుల చొక్కా వద్దు). కదిపిన చోట రీడింగు గంతేస్తే జబ్బు దొరికినట్టే.

పరీక్ష 2: కళ్ళతో చూడండి

దీన్ని దాటెయ్యకండి, మన ప్రాంతంలో సగం కథ ఇక్కడే తేలుతుంది. ఇంజిన్ ఆపి, చల్లారాక, సెన్సర్ కనెక్టరు క్లిప్పు నొక్కి ఊడదీయండి. సెన్సర్ ఎక్కడుందో తెలియకపోతే, రేడియేటర్ పైగొట్టం ఇంజిన్‌కి తగిలే చోట, థర్మోస్టాట్ డొప్ప దగ్గర వెతకండి. లోపలి పిన్నులు ఇత్తడి రంగులోనో వెండి రంగులోనో మెరవాలి. ఆకుపచ్చ చిలుము పట్టినా, తెల్లటి పొడి కనిపించినా, కూలెంట్ తడి ఉన్నా కారణం అక్కడే ఉండొచ్చు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. గరుకు కాగితంతో గీకితే పైపూత పోయి వచ్చే వానాకాలానికి ఇంకా తొందరగా చిలుము పడుతుంది.

అంతర్వేది వైపు, ఉప్పుటేరు పక్కన, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకి ఈ చిలుము మామూలే. కోతలయ్యాక చేలల్లో గింజ దొరక్క ఎలుకలు ఊళ్ళోకి వస్తాయి. గడ్డిమేటు పక్కన నిలబెట్టిన కారు బానెట్ కింద వెచ్చగా ఉంటుంది, వాటికి అంతకంటే ఏం కావాలి? నా కారు బ్యాటరీ పక్కన గుప్పెడు ఊక, ఎండు పరకలు దొరికాయి. వైర్ల మీద నల్ల టేపు చుట్టిన చోట వేలితో తడుముతూ వెళ్ళండి. టేపు కింద గుల్లగా తగిలితే విప్పి చూడండి.

పరీక్ష 3: ఊడదీసి చూడటం, కలిపి చూడటం

ఇది రెండు వైర్ల టెంపరేచర్ సెన్సర్లకి మాత్రమే. మూడు వైర్లున్న మ్యాప్ సెన్సర్, థ్రాటిల్ సెన్సర్, క్రాంక్ సెన్సర్ కనెక్టర్లలో ఇలా వైరు పెట్టి కలిపితే ఈసీయూకే ఎసరొస్తుంది. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు వైర్లు హై వోల్టేజీవి. వాటిని ముట్టుకోవద్దు.

కనెక్టరు ఊడదీసి, తాళం ఆన్ చేసి (ఇంజిన్ ఆఫ్), యాప్ చూడండి. మైనస్ 40 రావాలి. రాకుండా ఎక్కువ వేడి చూపిస్తే సిగ్నల్ వైరు (5 వోల్టులు వచ్చేది) ఎక్కడో కారు బాడీకి తగిలి షార్టయింది. తర్వాత కనెక్టరు రెండు రంధ్రాల్లో సన్న వైరు ముక్క పెట్టి కలపండి. లావు పిన్నీసు దూర్చితే లోపలి పట్టు వదులై కొత్త జబ్బు తెచ్చుకుంటారు. కలిపితే రీడింగు చివరిదాకా, 130 పైకి, ఎగరాలి. రెండూ సరిగ్గా వస్తే వైర్లూ ఈసీయూ బాగున్నట్టు, ఇక తప్పు సెన్సర్‌ది.

నాకు ఊడదీస్తే మైనస్ 40 బాగానే వచ్చింది. కలిపితే 130 రావాల్సిన చోట 24 దగ్గర ఆగిపోయింది.

అంతకుముందు మీటరు పెట్టి చూసినప్పుడు అది నన్ను మోసం చేసింది. ఊడదీసిన కనెక్టరు రెండు పిన్నుల మధ్య కొలిస్తే చక్కగా 5 వోల్టులు చూపించింది. మీటరు దాదాపు కరెంటు లాగదు కాబట్టి, చిలుము పట్టి రెండు వేల ఓమ్‌లు అడ్డం పడ్డ వైరులో కూడా వోల్టేజీ పూర్తిగా కనిపిస్తుంది. కొళాయి గొట్టం సగం పూడుకుపోయినా, కట్టేసి ఉన్నంతసేపూ ఒత్తిడి బాగానే ఉన్నట్టు. తిప్పితేనే తెలుస్తుంది.

ఏ వైరో తేల్చడానికి ఇంకో చిన్న పని. మీటరు నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి పెట్టి, ఎర్ర తీగతో రెండు పిన్నులూ చూడండి. 5 వోల్టులు వచ్చేది సిగ్నల్, రెండోది గ్రౌండు. సిగ్నల్ పిన్నుని పొడుగు వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కి తగిలించండి (మైనస్‌కి మాత్రమే, ప్లస్ వైపు చూడను కూడా చూడొద్దు). నాకు రీడింగు వెంటనే పైకి ఎగిరింది. అంటే సిగ్నల్ వైరు బాగుంది, గ్రౌండు వైరు చెడింది. తాళం ఆఫ్ చేసి గ్రౌండు పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కి రెసిస్టెన్స్ కొలిస్తే ఒకటి రెండు ఓమ్‌లు రావాల్సింది వేలల్లో వచ్చింది.

ఒక చిక్కుంది. కొన్ని కార్లలో కోడ్ పడ్డాక ఈసీయూ అసలు రీడింగు దాచేసి, తన అంచనా వేడిని యాప్‌కి పంపుతుంది. ఊడదీసినా 80 అని చూపిస్తుంటే కంగారు పడకండి. కోడ్ చెరిపి, తాళం ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లు చూడండి.

పరీక్ష 4: సెన్సర్ని వంటింట్లోకి తీసుకెళ్ళడం

సెన్సర్ని బయటికి తీశాక (తీసే పద్ధతి కింద ఉంది) మీటరుని ఓమ్‌లలో పెట్టి రెండు పిన్నులకీ తగిలించండి. స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు, కాస్త నీళ్ళు వేసి సెన్సర్ కొన మాత్రం ముంచండి, పిన్నులు తడవకూడదు. రొయ్యల పుణ్యమా అని మన దగ్గర ఐసుకి కరువు లేదు. సున్నా డిగ్రీల దగ్గర సుమారు 6 వేల ఓమ్‌లు రావాలి. తర్వాత బిందెలో నీళ్ళలో ముంచండి, 30 డిగ్రీలకి సుమారు 1,700. ఆఖరికి మరిగే నీళ్ళలో. డెల్టా సముద్ర మట్టానికి నాలుగు మీటర్ల ఎత్తులో ఉందో లేదో, కాబట్టి మన పొయ్యి మీద మరిగే నీళ్ళు కచ్చితంగా 100 డిగ్రీలే, థర్మామీటరు అక్కర్లేదు. అక్కడ సుమారు 180 నుంచి 200 ఓమ్‌లు. సెన్సర్ గిన్నె అడుగుకి తగలకుండా పట్టకారుతో పట్టుకోండి.

ఇవి ఎక్కువ కార్లలో వాడే రకం లెక్కలు. మీ మాన్యువల్‌లో వేరే అంకెలుంటే వాటినే నమ్మండి. అంకె కంటే ముఖ్యం దిగే తీరు. నీళ్ళు కాగుతుంటే రెసిస్టెన్స్ నున్నగా దిగుతూ రావాలి. మధ్యలో ఒక్కసారి ఆకాశానికి ఎగిరినా, సున్నాకి పడినా, ఎంత కాచినా కదలకపోయినా సెన్సర్ పోయినట్టే.

కొన మీద తెల్లటి పెంకు కట్టి ఉంటే అది రేడియేటర్‌లో పోసిన బోరు నీళ్ళ పని. తీర మండలాల్లో బోరు నీళ్ళలో ఉప్పూ సున్నమూ ఎక్కువ. ఆ పెంకు సెన్సర్‌కి దుప్పటి కప్పినట్టు, వేడి ఆలస్యంగా తెలుస్తుంది. పి0116 పడితే ఈ పెంకు కోసం చూడండి.

సెన్సర్ నిజంగానే పోతే: మార్చడం

పాత సెన్సర్ని చేత్తో పట్టుకుని వెళ్ళి కొనండి, ఛాసిస్ నంబరు ఫోన్‌లో రాసుకోండి. డ్యాష్‌బోర్డులోని వేడి మీటరు ముల్లుకి ఒక వైరుది, ఈసీయూకి రెండు వైర్లది వేర్వేరుగా ఉండే బండ్లున్నాయి. చూడ్డానికి ఒకేలా ఉండి మరలు వేరే ఉండేవీ ఉన్నాయి. మరీ చవకగా ఇస్తామంటే నేను కొనను. కొన్నదాన్ని బిగించకముందే ఐసు, వేడినీళ్ళ పరీక్ష పెట్టండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. చెయ్యి ఆనించి పట్టుకోగలిగేంత చల్లగా. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే లోపల ఒత్తిడి మీద ఉన్న కూలెంట్ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. తాళం ఆఫ్‌లో ఉన్నా కొన్ని బండ్లలో ఫ్యాను దానంతటదే తిరగొచ్చు, కాబట్టి బ్యాటరీ మైనస్ తీగ తీసెయ్యండి.

మూత తెరిచి ఒత్తిడి వదిలాక, కింది నుంచి లీటరో లీటరున్నరో కూలెంట్ శుభ్రమైన టబ్బులోకి వదలండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలు, కుక్కలు, పిల్లులు ఆ దరిదాపుల్లోకి రాకూడదు, కాలవలో పారబొయ్యకూడదు. సెన్సర్ కనెక్టరు తీసి, పానా సూటిగా పట్టి ఎడమకి తిప్పండి. క్లిప్పుతో ఉండే రకమైతే క్లిప్పు లాగి సెన్సర్ బయటికి తియ్యండి. పాత వాషరో రబ్బరు రింగో రంధ్రంలోనే అతుక్కుని ఉండిపోతుంది, దాన్ని చూసి మరీ తియ్యండి. దాని మీదే కొత్తది పెడితే కారుతుంది.

కొత్తదాన్ని ముందు వేళ్ళతోనే మరలు పట్టించండి. రెండు మూడు చుట్లు చేత్తో తిరగకపోతే వంకరగా పట్టిందన్నమాట, తీసి మళ్ళీ పెట్టండి. సెన్సర్ ఇత్తడి, డొప్ప చాలా బండ్లలో అల్యూమినియం లేదా ప్లాస్టిక్. బలం చూపిస్తే డొప్పే మార్చాలి. వాషరు ఆనాక ఇంకాస్త బిగిస్తే చాలు, మాన్యువల్‌లో బిగింపు లెక్క ఉంటే దాని ప్రకారం. వాషరున్న సెన్సర్‌కి తెల్ల టేపు చుట్టే అలవాటు మానుకోండి.

కూలెంట్ నింపేటప్పుడు కంపెనీ చెప్పిన రకమే, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపింది పొయ్యండి. లోపల గాలి బుడగ ఉండిపోతే సెన్సర్ ఆవిరిలో వేలాడి తిక్క రీడింగులిస్తుంది. మూత తీసి, హీటరు ఫుల్ వేడిలో పెట్టి, ఇంజిన్ నడిపిస్తే బుడగలు పైకొస్తాయి. మట్టం దిగినప్పుడల్లా నింపండి. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాక మూత బిగించి, చల్లారాక మట్టం ఇంకోసారి చూడండి.

వైరే పోతే

నా కారుకి చివరికి చేసింది ఇదే. కనెక్టరుకి జానెడు దూరంలో టేపు విప్పితే గ్రౌండు వైరు తొడుగు మీద రెండు పంటి గాట్లు. గాటు దగ్గర కోసి తొడుగు ఒలిస్తే లోపల రాగి ఎర్రగా లేదు. పచ్చగా, పొడి పొడిగా ఉంది, గోటితో గీకితే రాలింది. మెరిసే రాగి కనిపించేదాకా రెండు వైపులా కోస్తూ వెళ్ళాను, నాలుగంగుళాలు పోయింది. అంతే లావు వైరు ముక్క మధ్యలో పెట్టి సోల్డర్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ తొడిగి వేడి చేశాను. మెలేసి టేపు చుట్టేస్తే మన తేమకి ఆర్నెల్లు ఆగదు. సోల్డర్ చేసిన చోట వైరు ఊగకుండా కట్టకి కలిపి కట్టండి. కనెక్టరు రబ్బరు సీలుకి కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు రాస్తే తేమ లోపలికి పోదు.

బ్యాటరీ బిగించి, కోడ్ చెరిపి, మళ్ళీ పరీక్ష 1 నుంచి మొదలెట్టండి. బ్యాటరీ తీసి పెట్టాక ఐడ్లింగ్ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఉండొచ్చు, సర్దుకుంటుంది. చల్లటి స్టార్ట్, పూర్తి వేడి, మళ్ళీ చల్లారడం, ఇలా మూడు నాలుగు రోజులు మామూలుగా తిరిగాక కోడ్ చూస్తే చాలు. నేను మర్నాడు పొద్దున్నే చూశాను. గాలి 27, కూలెంట్ 28. సఖినేటిపల్లి దాకా వెళ్ళి వచ్చినా ఫ్యాను అనవసరంగా తిరగలేదు. తీసేసిన పాత సెన్సర్‌కి ఐసు, వేడినీళ్ళ పరీక్ష పెడితే మూడు చోట్లా లెక్క సరిగ్గా చెప్పింది. దాన్ని కవర్లో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పడేశాను.